శామీర్‌పేటలో మాత్రమే నడిచిన క్లైమాక్స్

శామీర్‌పేట ఆడవాళ్లకు ఏ సినిమా చూడాలో, ఏది చూడకూడదో చెప్పేది పేపర్లూ కాదు, ఫోన్లో అరిచే కుర్రాళ్లూ కాదు. దుర్గాబాయి.

బౌరంపేట్‌లోని ఒక పెద్ద బడికి వెళ్లే బస్సులో ఆమె ఆయమ్మ. పొద్దున పిల్లల్ని ఎక్కించి, వాళ్ల నీళ్ల సీసాలూ కొట్లాటలూ ఏడుపులూ సర్ది, బడి గేటు లోపల దింపేస్తే మళ్లీ మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా ఆమెకు పని లేదు. మిగతా ఆయమ్మలు బస్సు నీడన తువ్వాల పరుచుకుని నడుం వాలుస్తారు. దుర్గాబాయి ఆటో ఎక్కి సుచిత్ర వైపు వెళుతుంది. పదకొండు గంటల ఆట. ఒక్కతే వెళుతుంది. పక్క సీట్లో టిఫిన్ డబ్బా కూర్చుంటుంది. ఆమె భర్త కుర్మయ్యకు చీకట్లో అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం శిక్షలాగా ఉంటుంది. భార్యను మాత్రం ఏనాడూ వద్దనలేదు. వద్దన్నా ఆమె ఆగేది కాదు, అది వేరే సంగతి.

ఆమె తీర్పుకు కొలతలు వేరు. హీరో వచ్చేటప్పుడు దుమ్ము లేస్తే మార్కులు పోతాయి. ఆ దుమ్ము ఊడ్చేదెవరని అడుగుతుంది. తల్లి పాత్ర ఇంటర్వెల్‌కు ముందే చచ్చిపోతే ఇంకొన్ని పోతాయి. తెర మీద ఎవరైనా వంట చేస్తుంటే గిన్నెలో నిజంగా ఏమైనా ఉడుకుతోందా లేదా అని మెడ చాచి చూస్తుంది. ఖాళీ గిన్నెలో గరిటె తిప్పిన హీరోయిన్లను ఆమె ఇంతవరకు క్షమించలేదు.

తీర్పు వెలువడేది రుఖియా టైలరింగ్ షాపు ముందు అరుగు మీద. డిసెంబరు చివర ఒక ఆదివారం సాయంత్రం అక్కడ ఏడాది సినిమాల పంచాయితీ జరుగుతుంది. ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు, ఊరికే వచ్చినవాళ్లు, వంకాయలు కొనడానికి బయల్దేరి దారి తప్పినవాళ్లు, అందరూ చేరతారు. దుర్గాబాయి 'బెస్టు' అన్న సినిమా పేపరు బొమ్మ షాపు గోడకు ఎక్కుతుంది. 'దరిద్రం' అన్న సినిమా బొమ్మను రుఖియా కింద పరిచి, దాని మీద జాకెట్ కొలత గీసి, కత్తెర ఆడిస్తుంది. శామీర్‌పేటలో సగం జాకెట్ల చంకలు అట్లా పెద్ద పెద్ద హీరోల భుజాల మీదుగా కత్తిరించినవే.

ఈ ఏడాది కత్తెరకు బలైంది గొడ్డలి సినిమా. పేర్లు దుర్గాబాయికి గుర్తుండవు, సినిమాలో ఏ వస్తువు ఎక్కువ కనిపిస్తే అదే పేరు.

"అది సినిమా కాదే," అంది అరుగు మీద కాళ్లు ముడుచుకుని. "హీరోకు కట్టిన ఫ్లెక్సీ. చౌరస్తాల ఫ్లెక్సీ ముందర మూడు గంటలు నిలబడ్డట్టున్నది. నా మెడ ఇప్పటిదాంక వంగుతలేదు."

"గొడ్డలి మంచిగుంటదట గదక్కా?" అంది పాల కేంద్రం నడిపే వినోద. చేతిలో ఎప్పుడూ ఫోనుండే మనిషి.

"గొడ్డలి మంచిగనే ఉన్నది. దానికే అవార్డు ఇయ్యాలె. అందరిట్ల అదొక్కటే మంచిగ యాక్ట్ చేసింది."

గోడకెక్కింది షామియానా సినిమా. ఇద్దరు తోటికోడళ్లు, పెళ్లిళ్లకు షామియానాలూ కుర్చీలూ వంటపాత్రలూ అద్దెకిచ్చే దుకాణం. మోసేది వాళ్లు, పెత్తనం చేసేది బావ. ఆ బావ తిన్న పళ్లెంలోనే చెయ్యి కడిగి, మూతి తుడుచుకుంటూ లేచిపోతాడు. సినిమా మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఆ పళ్లెం అట్లాగే పడి ఉంటుంది. దుర్గాబాయి కథ చెబుతుంటే అరుగు మీద ఎవరికీ తాము చూడని బావ కనిపించలేదు.

"మరి ఆఖరికి?" అంది రుఖియా, మిషను కాలు ఆపి.

"ఆఖరికా? ఆ బావ బిడ్డ పెండ్లి. ఫంక్షన్ హాలు నిండ మంది. తిన్నంక వంటోళ్లు లేసిపోయిన్రు. ఇద్దరు తోటికోడండ్లు రెండు కుర్సీలేసుకుని కాలు మీద కాలేసుకుని కూసున్నరు. బావ పట్టు ధోతి ఎగ్గట్టి, బిర్యానీ డేగుల్లకు వంగి తోమిండు. ఒకటా రెండా! వరుసగ. మందంత సప్పుడు లేకుంట జూస్తున్నరు."

వినోద ఫోను పక్కన పెట్టి, "ధోతి ఎంతదాంక ఎగ్గట్టిండక్కా?" అని అడిగింది.

"మోకాళ్లదాంక," అంది దుర్గాబాయి తడుముకోకుండా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దుర్గాబాయి ఆ పెద్ద వంట గుండిగలను, ఆ డేగులను చూడలేదు. ఆ మాటకొస్తే, ఆయమ్మగా చేరినప్పటినుంచి ఆమె ఒక్క సినిమా క్లైమాక్స్ కూడా చూడలేదు.

ఆయమ్మ లేకుండా బస్సు గేటు దాటకూడదని బడి నియమం. తెర మీద విలన్ హీరో చెల్లెల్ని స్తంభానికి కట్టేసే వేళకు బస్సు డ్రైవరు నగేష్ నుంచి మిస్డ్ కాల్ వస్తుంది. దుర్గాబాయి డబ్బా సంచిలో వేసుకుని, వంగి, జనం మోకాళ్లు తప్పించుకుంటూ బయటపడుతుంది. ఆ చెల్లెళ్లందరూ ఆమె లెక్కన ఇంకా స్తంభాలకే ఉన్నారు.

మొదటి ఏడాది ఆమె నిజమే చెప్పింది. తర్వాత ఏమైందో తెలియదంది. అరుగు మీద వాళ్లు ఆమెను బతకనివ్వలేదు. సగం ముచ్చట చెప్పి లేచిపోతావా, ఇంతోటిదానికి సినిమాకు పోవుడెందుకు అని కడిగేశారు. మరుసటి సినిమాకు ఆటోలో వెనక్కి వచ్చేటప్పుడే ముగింపు తయారైంది. గండిమైసమ్మ దాటేలోపు విలన్ చచ్చిపోయాడు. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి తల్లి బతికింది. అది అలవాటైంది. ఆ సినిమాలు తర్వాత టీవీలో వచ్చినప్పుడు ఎవరైనా, "నువ్వు చెప్పిన సీను లేదేందక్కా?" అంటే, "టీవీల కోస్తరు. యాడ్లెక్కడ పెడ్తరు మరి?" అనేది. అందరికీ సబబుగానే తోచింది. యాడ్లు మస్తుగా ఉన్నాయి కూడా.

ఈసారి వచ్చిన చిక్కేమిటంటే, బెస్టు సినిమా ఇంకా హాల్లోనే ఉంది.

"వచ్చే ఆదివారం అందరం పోదాం," అంది వినోద లేచి నిలబడి. "మేడ్చల్‌ల ఆడుతాంది. టీవీల కోసింది మనకెందుకు? నిండు సినిమా జూద్దాం. నేనే బుక్ చేస్త."

దుర్గాబాయి గుండెలో బస్సు సడన్ బ్రేకు పడింది.

ఆ వారమంతా ఆమె శాయశక్తులా ప్రయత్నించింది. మేడ్చల్ హాల్లో నల్లులున్నాయంది. సుచిత్ర తెర ఇంకా వెడల్పు, అంత దూరం మనవల్ల కాదు, వద్దులే అంది. పన్ను నొప్పి అంది. వినోద ప్రతిదానికీ ఒకటే జవాబు చెప్పింది, టికెట్లు బుక్కయిపోయినయి అని. ఎందుకోగాని ఆ పిల్ల ఈ సినిమా మీద పట్టినంత పట్టు ఇంతకుముందు దేని మీదా పట్టలేదు.

శనివారం బస్సులో పిల్లలు దిగాక నగేష్ అద్దంలోంచి ఆమెను చూశాడు. ఆమె రహస్యం తెలిసిన ఏకైక మనిషి అతనే.

"ఇగ దొరికినవ్ దుర్గక్కా."

"నీ మిస్డ్ కాల్ వల్లనే గద. పది నిమిషాలు ఆగితే నీ సొమ్మేంబోయె?"

"నేనాగుత. బెల్లు ఆగుతదా? రేపు ఆదివారం, నేను కాల్ చెయ్య. మంచిగ ఆఖరుదాంక కూసో." పళ్లు ఇకిలించాడు. "జిందగీల మొదటిసారి."

"నవ్వకు. రేపటినుంచి నా మాట ఎవ్వరు నమ్మరు. రుఖియా అరుగు మీద నాకు జాగ గూడ ఉండదు."

"నమ్మకపోతే ఏమైతది?"

దుర్గాబాయి ఆలోచించింది. బస్సులో ఆమె మాట వినేది ఎల్కేజీ వాళ్లు మాత్రమే, వాళ్లు కూడా చాక్లెట్ ఉంటేనే వింటారు. ఇంట్లో కుర్మయ్య టీవీ సప్పుడు తగ్గించకుండానే ఊ కొడతాడు. ఆమె నోరు తెరిస్తే నలుగురు పని ఆపి వినేది ఆ అరుగు మీద ఒక్కచోటే. ఇదంతా నగేష్‌కు చెప్పలేదు. "బస్సు తియ్," అంది.

ఆదివారం రెండు ఆటోల నిండా ఆడవాళ్లు మేడ్చల్‌లో దిగారు. దుర్గాబాయిని మధ్యలో కూర్చోబెట్టారు, పెళ్లికూతురిలాగ. సినిమా నడుస్తుంటే ఆమె చెప్పిన ముక్క చెప్పినట్టు వస్తోంది. షామియానా గాలికి లేచింది, కుర్చీలు విరిగాయి, పళ్లెంలో చెయ్యి కడిగాడు. ప్రతిదానికీ ఎవరో ఒకరు, "దుర్గక్క చెప్పింది చూడు!" అంటున్నారు. ఒక్కొక్క మెప్పుకు ఆమె సీట్లో ఒక్కొక్క అంగుళం కిందికి జారింది.

ఫంక్షన్ హాలు వచ్చింది. మెడలో దండతో బావ స్టేజి ఎక్కాడు. ఆమెకు తెలిసింది అంతవరకే. అలవాటు కొద్దీ కాళ్లు లేచాయి, చెయ్యి సంచి అందుకుంది.

"యాడికి పోతున్నవ్?" రుఖియా కొంగు పట్టి లాగింది. "అసలు సీను ఇప్పుడే గద. కూసో."

కూర్చుంది. తనకు తెలియకుండానే తెర వైపు మెడ చాచింది. ఏమవుతుందో చూడాలని ఆమెకు కూడా ఉండదా మరి?

తెర మీద తోటికోడళ్లిద్దరూ ఏడ్చుకుంటూ స్టేజి ఎక్కారు. బావ కాళ్ల మీద పడ్డారు. బావ వాళ్లను లేపి, ఉమ్మడి కుటుంబం గురించి చాలాసేపు మాట్లాడాడు. చాలాసేపంటే, వెనక వరసలో ఒకాయన బయటికి వెళ్లి టీ తాగి వచ్చేంతసేపు. తర్వాత అందరూ కలిసి ఫొటో దిగారు. శుభం పడింది. లైట్లు వెలిగాయి.

శామీర్‌పేట వరస కదలలేదు.

"అయిపోయిందా?" అంది ఒకామె.

"డేగులేవి?" అంది ఇంకొకామె.

దుర్గాబాయి కళ్లు మూసుకుంది. ఇక అందరూ తన వైపు తిరుగుతారు. అయిపోయింది. కాని ఆ మొహాలు తిరిగింది ఆమె వైపు కాదు, వెనకాల ప్రొజెక్టరు కిటికీ వైపు.

"కోసిన్రు!" వినోద సీటు మీద నుంచి లేచింది. "అక్కా, మన సీను కోసిన్రు!"

"టీవీల వాళ్లు యాడ్ల కోసం కోసిన్రు, వీళ్లకేం రోగం?" అంది రుఖియా.

"పొద్దుగూకులు నీళ్ల సీసాలు అమ్ముకోవాలె గద, అందుకే జల్దీ జల్దీ ఆట లేపుడు!"

"సుచిత్ర వాళ్లకు జూపించి మేడ్చల్ వాళ్లకు కోస్తరా? అక్కడోళ్లు మనుషులు, మనం గొర్లమా?"

ఈ చివరి మాట గుంపుకు బాగా పట్టింది. దుర్గాబాయి, "అది కాదే, ఇనున్రి..." అంటూనే ఉంది. ఆమెను ముందు పెట్టుకుని అందరూ మేనేజరు గది మీద పడ్డారు.

మేనేజరు శేఖర్ అప్పుడే సమోసా కొరకబోతున్నాడు.

"ఏందమ్మా, ఏమైంది? ఏసీ పనిచేస్తలేదా?"

"ఏసీ సంగతి పక్కన పెట్టు. బోళ్లు తోమే సీను ఎయ్," అంది వినోద, ఫోను అతని మొహానికి ఎదురుగా పట్టి వీడియో తీస్తూ.

"ఏం సీను?"

"బావ బిర్యానీ డేగులు తోముతడు. ధోతి మోకాళ్లదాంక ఎగ్గట్టి. గదే."

"అట్లాంటి సీను సినిమాలనే లేదమ్మా."

"లేదా? ఈన లేదంటున్నడు ఇన్నరా!"

"పైసలు వాపస్ ఇయ్యమంటలేం. మాకు సీను కావాలె," అంది రుఖియా నిదానంగా, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. మిగతావాళ్లు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

శేఖర్ సమోసా కింద పెట్టాడు. "అమ్మా, మీరు నమ్ముతరో నమ్మరో. ఇప్పుడు రీళ్లు లేవు, కత్తెర లేదు. సినిమా కంపెనీ నుంచే తాళం ఏసుకుని వస్తది. మేం ఆన్ చేసుడు, ఆఫ్ చేసుడు, గంతే. కోద్దామన్నా కోయరాదు. అసలు ఆ సీను జూసినోళ్లెవరు?"

"మా దుర్గక్క జూసింది!" అన్నారు అందరూ ఒక్కసారి. "సుచిత్రల జూసింది. ఆమె మాటంటే మాటే."

"సుచిత్ర హాలా? ఆ మేనేజరు మావోడే. ఇప్పుడే అడుగుదాం." శేఖర్ ఫోను తీశాడు. "స్పీకర్ల పెడ్త, మీరే ఇనున్రి. వాళ్ల దాంట్ల గూడ లేకపోతే?"

"ఉంటే నీ హాలు బాగోతం మొత్తం గ్రూపుల పెడ్త," అంది వినోద. "మేడ్చల్ నుంచి కరీంనగర్ దాంక పోతది."

ఫోను మోగడం మొదలైంది. దుర్గాబాయి అతని చేతి వైపు చూసింది, వినోద వీడియో వైపు చూసింది. ఆ హాలాయన మీద ఆమెకు ప్రత్యేకంగా జాలేమీ లేదు, ఇంటర్వెల్లో మెత్తబడిన పాప్‌కార్న్ అమ్మాడు. కాని ఫోనులో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తన సంగతి బయట పెట్టడం కంటే, తనే పెట్టుకోవడం నయమనిపించింది. ఇన్ని ముగింపులు చెప్పిన నోరు, దీన్ని ఇంకొకరికి వదులుతుందా?

"ఫోన్ పెట్టేయ్ బిడ్డా," అంది. "ఆ సీను నేను జూడలే."

"ఏంది?"

"జూడలే. బెల్లు కొట్టేయాళకు నేను గేటు కాడ ఉండాలె. బావ స్టేజి ఎక్కంగనే లేసిపోయిన. డేగులు నేనే తోమిపిచ్చిన."

శేఖర్ ఫోను కట్ చేసి, మెల్లగా సమోసా అందుకున్నాడు.

"మరి పోయినేడు, అత్త పోలీస్ స్టేషన్ల ఎస్సైని కొట్టుడు?" అంది ఒకామె.

"అది గూడ నేనే."

"కుక్క తిరిగొచ్చుడు? ఆ కుక్క కోసం నేను ఎంత ఏడ్చిన!"

"అసలు దాంట్ల కుక్క వస్తదో రాదో నాకు తెల్వది."

"హాయ్ అల్లా," అంది రుఖియా. ఆమెకు కోపం రావాలో నవ్వు రావాలో తేలలేదు. "ఇన్నేండ్ల సంది మేం ఇన్నదంత ఆటోల పుట్టిందా?"

"గంతదాంక మాత్రం నిజమే చెప్పిన," అంది దుర్గాబాయి. ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. "ఈ సినిమా బావ స్టేజి ఎక్కేదాంక ఈ ఏడాదికే బెస్టు. ఆ తర్వాతది గొడ్డలి కన్న దరిద్రం. కాళ్ల మీద పడుడేంది? ఎవలు జేసిన తప్పుకు ఎవలు పడుడు? నాకు తెలిస్తే దాని బొమ్మ గోడకెక్కిస్తుంటినా?"

ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో తిట్టబోతూ ఆగారు. అప్పుడు చూశారు వినోదను. ఫోను కిందికి దించేసింది. మొహం తెల్లబోయి ఉంది.

"నా కొంప ముంచినవ్ గదక్కా," అంది.

"నీకేమైందే?"

వినోద గోడకు ఆనుకుని చెప్పింది. ఆమె ఇంట్లోనూ ఒక బావ ఉన్నాడు, భర్త రమేష్‌కు అన్న సోమయ్య. పళ్లెంలోనే చెయ్యి కడిగి లేచిపోయే మనిషి. పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆ పళ్లెం తీసేది వినోదే. పంచాయితీ మరునాడు అన్నం దగ్గర ఆమె సినిమా కథ చెప్పింది, డేగులతో సహా. చెప్పి, ఆయన పళ్లెం ముట్టుకోకుండా లేచిపోయింది.

"ఆయనేమన్నడు?"

"ముందుగాల ఎగిరిండు. సినిమాలల్ల గూడ గిట్లనే జూపిస్తున్నరా అన్నడు. జూపిస్తున్నరు, ఊరంత జూడవోతున్నది, నువ్వే మిగిలినవ్ అన్న. 'సరే, ఆదివారం దాంక కడుగుత. ఆ సీను ఉన్నదని జూసొచ్చి చెప్తే ఇగ నా పల్లెం నేనే కడుక్కుంట. లేకపోతే జిందగీల ముట్ట' అన్నడు. వారం సంది కడుగుతున్నడక్కా. సప్పుడు జేసుకుంట, గోడలకేసి కొట్టుకుంట, కాని కడుగుతున్నడు. ఇయ్యాల అరుగు మీద కూసోని నా కోసమే ఎదురుజూస్తుండొచ్చు."

"రమేష్ ఏమంటడు?"

"ఆయనేమంటడు? టీవీ జూస్తడు."

అందరూ దుర్గాబాయి వైపు చూశారు. ఇంతకుముందు చూసిన చూపు కాదిది. వినోద సంసారంలోకి ఆ డేగులు దొర్లుకుంటూ వెళతాయని ఆమె కలలో కూడా అనుకోలేదు.

రుఖియా కుర్చీలోంచి లేచింది. పమిట సర్దుకుంది.

"శేఖర్ భయ్యా, సినిమా ఎన్నొద్దులుంటది?"

"గురువారమే ఆఖరు. మందే వస్తలేరు."

"మంచిది." ఆడవాళ్ల వైపు తిరిగింది. "నేనైతే జూసిన. ధోతి మోకాళ్లదాంక ఎగ్గట్టిండు. నువ్వు జూసినవా?"

అడిగింది కుక్క కోసం ఏడ్చినామెను. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. "జూడకేం?" అంది. "పీచు పట్టుకున్నది గూడ జూసిన."

"నాకైతే కండ్లల్ల నీళ్లు తిరిగినయి," అంది ఇంకొకామె. "నవ్వుతోని."

శేఖర్‌కు ఏమీ అర్థం కాలేదు. "అంటే సీను ఉన్నట్టా, లేనట్టా?"

"నీకు లేదు. మాకున్నది," అని రుఖియా తలుపు తీసింది. వినోద వీడియో చెరిపేసింది.

శామీర్‌పేటలో ఆటోలు దిగి ఎవరిళ్లకు వాళ్లు పోలేదు. అందరూ వినోద ఇంటి ముందే ఆగారు. సోమయ్య అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, గెలిచే మనిషిలాగా.

"ఏమాయె?" అన్నాడు మీసం తుడుచుకుంటూ. "ఉన్నదా ఆ సీను?"

"ఉన్నది బావా," అంది వినోద.

"నిన్నడుగుతలేను. దుర్గాబాయీ, నువ్వు చెప్పు."

దుర్గాబాయి గొంతు సవరించుకుంది.

"నేను చెప్పింది తప్పు సోమయ్యా."

వినోద కళ్లు పెద్దవయ్యాయి. సోమయ్య గ్లాసు గాల్లో ఆగింది.

"వరుసగ తోమిండని చెప్పిన గద. మొత్తం తోమలే," అంది దుర్గాబాయి. "కొన్ని తోమినంక, మంది నడుమకెల్లి ఆయన అన్నదమ్ములు, బామ్మర్దులు లేసొచ్చిన్రు. మేం గూడ తోముతం అని పట్టు ధోతులు ఎగ్గట్టిన్రు. మంది సప్పట్లు!"

"సప్పట్లు కొట్టిన్రా?" అన్నాడు సోమయ్య.

"హాలంత లేసి నిలబడ్డది," అంది రుఖియా. "మా ఎనక కూసున్న ముసలాయనైతే చేతులు నొప్పి పుట్టేదాంక కొట్టిండు."

"అంటే... ఆఖరికి ఆ బావ మంచోడే అయిండన్నట్టు?"

"హీరోనే ఆయన," అంది దుర్గాబాయి. "అది మాకు గూడ ఆఖరికే తెలిసింది."

సోమయ్య టీ చివరి గుక్క తాగాడు. గ్లాసు పక్కన పెట్టబోయాడు. అరుగు ముందు అంతమంది ఆడవాళ్లు, ఒక్కరూ కదలకుండా, ఆ గ్లాసు వైపే చూస్తున్నారు. లోపల టీవీ ముందు నుంచి రమేష్ కూడా తల తిప్పాడు. సోమయ్య గ్లాసును మళ్లీ చేతిలోకి తీసుకుని, లుంగీ కొంచెం పైకి ఎగ్గట్టి, నీళ్ల నల్లా వైపు నడిచాడు.

రుఖియా నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసింది.